ఆరని గోనె

అమ్మడు ఉతికి తీగ మీద వేసిన గోనె సంచి ఆరలేదు. పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురొడ్డున ఉన్న హోప్ టౌన్‌లో వానాకాలం ఏదీ ఆరదు కాబట్టి మొదట ఎవరూ పట్టించుకోలేదు. లుంగీలు ఆరవు, తువ్వాళ్ళు ఆరవు, ఇంటి గోడలే ఆరవు. కానీ ఆదివారం మబ్బు విడిచి ఎండ కాసింది. తీగ మీది బట్టలన్నీ పెళపెళలాడాయి. గోనె మాత్రం ఇప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు చల్లగా, బరువుగా, తీగను కిందికి లాగుతూ వేలాడింది. చుక్క కారదు, అలాగని ఆరదు.

దాన్ని ముందుగా గమనించినవాడు అమ్మడి మేనమామ జోగులు. మడ అడవిలో మండపీతలు పట్టి, బతికుండగానే కరిచే డెక్కలు కట్టించి, పోర్ట్ బ్లెయిర్ హోటళ్ళకు అమ్మడం అతని పని. పీత నీళ్ళు లేకపోయినా బతుకుతుంది గాని తడి లేకపోతే బతకదు. అందుకని తట్ట మీద గోనె కప్పి, అది ఆరకుండా సముద్రపు నీళ్ళు తెచ్చి చల్లుతూనే ఉండాలి. పీతల కోసం నడుం లోతు బురదలోకి దిగమంటే దిగుతాడు గాని, బకెట్టు పట్టుకుని ఒడ్డుకీ ఇంటికీ తిరగమంటే మాత్రం జోగులుకు ప్రాణం మీదికొస్తుంది.

"ఒలే అమ్మడూ, ఈ గోనికేటి సేసినావే? ఇంత ఎండలో కూడా తడిగానే ఉంది."

"కాలేజీలో ఉతికాను మావా. మా లాబ్‌లో ఓ మందు నీళ్ళున్నాయి, వాటిలో."

జోగులు గోనెను ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాడు. "వాసన కూడా నేదే. పీతల గోనికి వాసన నేకపోటం నా పుట్టకలో సూడ్నేదు. బహుత్ అచ్ఛా. ఇది నాకిచ్చియ్యి. నీళ్ళు సల్లక్కర్నేదు, ఏటీ నేదు."

అమ్మడు నవ్వుతూ ఇచ్చేసింది. ఇంట్లోవాళ్ళకు తన చదువు వల్ల కలిగిన మొదటి లాభం అదేనని మురిసిపోయింది కూడా.

*

సోమవారం ఉదయం ఫెర్రీలో అలాగే ఉతికిన ఇంకో గోనె నిండా పీత పెంకులు పెట్టుకుని అమ్మడు బెంచీ మీద కూర్చుంది. కూర్చోవడమే విశేషం. నిన్న మొన్నటి దాకా ఆమె గోనెతో ఎక్కితే పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. తాడు విసిరే కుర్రాడు వచ్చి, ఇంజను పక్కన నిలబడమని చెయ్యూపేవాడు. ఇంజను వేడికి చెమటలు పట్టి, పెంకుల కంపు ఒంటికంటుకుని, కాలేజీకి వెళ్ళాక చేతులు నిమ్మకాయతో రుద్దుకునేది. ఎమ్మెస్సీ చదివి, ప్రాజెక్టులో అసిస్టెంటు ఉద్యోగం సంపాదించి, చివరికి చేతులు నిమ్మకాయతో రుద్దుకోవడం.

తాడు విసిరే కుర్రాడు టికెట్టు చూసి గోనె వైపు అనుమానంగా చూశాడు. "దీదీ, ఆజ్ బద్‌బూ నహీఁ హై. కేకడా నహీఁ లాయీ క్యా?"

"లాయీ హూఁ భయ్యా. ఇసీ మేఁ హై."

పీతల పెంకులు ఇందులోనే ఉన్నాయంటే అతను నమ్మలేదు. వంగి వాసన చూసి, తల ఎగరేసి వెళ్ళిపోయాడు. అమ్మడు ఒళ్ళో చేతులు పెట్టుకుని ఫీనిక్స్ బే రేవు వచ్చేదాకా నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది. రాణీగారి దర్జా అనుకోండి.

ఆమె పనిచేసే లాబ్ జీవరాజు గారిది. డిగ్నాబాద్‌లో ఉంటారు, ఆదివారాలు తెలుగు చర్చిలో హార్మోనియం వాయిస్తారు, మిగతా వారమంతా పీత పెంకుల్లోంచి ఎర్రరంగు లాగడం ఎలాగా అని ఆలోచిస్తారు. మందుల కంపెనీలకూ, చేపల మేతకూ ఆ రంగు కావాలి. దాన్ని లాగడానికి ఆయన ఎంచుకున్నది ఓ వింత ఉప్పు. గళ్ళుప్పులా గట్టిగా ఉండదు, తేనెలా సీసాలో పొర్లుతుంది. అయానిక్ లిక్విడ్ అంటారు.

అమ్మడు దాన్ని వాళ్ళమ్మ కాళమ్మకు ఫెర్రీ లెక్కన చెప్పింది. మామూలు ఉప్పులో రెండు రకాల రేణువులు బెంచీల మీద జనంలా వరసగా సర్దుకుని కూర్చుంటాయి. ఈ ఉప్పులో ఒక రేణువు భారీది, పైగా దానికో పొడుగాటి తోక. మూటాముల్లెలతో ఎక్కిన మనిషిలా ఎక్కడా ఒదగదు. వరస కుదరదు కనుక ఉప్పు గడ్డకట్టదు. కాళమ్మ అంతా విని, "అయితే కూరలో ఎయ్యకూడదా?" అని మాత్రం అడిగింది.

ఆ రోజు అమ్మడు కొత్త విడత మొదలుపెట్టింది. మూడు మూతుల గుండ్రటి ఫ్లాస్కులో మిథైల్ ఇమిడజోల్ పోసింది. దానికి నీచు వాసన, చేపల ఇంటి పిల్లకు కూడా ముక్కు ముడుచుకునేంత. పైనున్న గాజు గరాటులోంచి బ్రోమో ఆక్టేన్‌ను చుక్కచుక్కగా వదిలింది. ఫ్లాస్కు అడుగున తెల్లటి అయస్కాంతపు బిళ్ళ గిర్రున తిరుగుతోంది. రెండూ కలిసేచోట వేడి పుడుతుంది, తొందరపడితే సరుకు పచ్చబడిపోతుంది. ఆమె చుక్క వైపే చూస్తూ, ఫ్లాస్కు కింది మంచునీళ్ళ గిన్నెను అరచేత్తో తాకి చూస్తూ కూర్చుంది. రేపటికి కలియడం పూర్తవుతుంది. అప్పుడు మిగిలిపోయినదాన్ని వేరే ద్రావకంతో కడిగేసి, పంపు పెట్టి తడంతా లాగేస్తే నీచు వాసన ఎటుపోయిందో తెలియదు. దుర్వాసన కొట్టేవి రెండు కలిసి వాసనే లేనిది ఒకటి అవడం ఆమెకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు. మూత తీసి వదిలేస్తే మాత్రం ద్వీపం గాలిలోని తడంతా తాగేస్తుంది. తాగిన తడిని వదలదు, తానూ ఆవిరైపోదు.

జీవరాజు గారు హడావిడిగా వచ్చారు. "అమ్మాయ్, శుక్రవారం కమిటీ వస్తోంది. మెయిన్‌లాండ్ నుంచి. ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారా లేదా అన్నది ఆ ఒక్క పూటలో తేలిపోతుంది. నీ ఉద్యోగమూ, నా పరువూ రెండూ అందులోనే ఉన్నాయి."

"సరుకు గురువారానికి తయారైపోతుంది సార్."

"తెల్లగా రావాలి. నీళ్ళలా ఉండాలి." ఆయన బల్ల మీది పాత సీసా మూత తీసి, అలవాటు ప్రకారం ముక్కు దగ్గర పెట్టుకున్నారు. లాబ్‌కు ఎవరొచ్చినా ఆయన ముందు ఆ సీసా మూత తీసి, వాసన చూడమంటారు. వాళ్ళు భయపడుతూ పీల్చి, ఏమీ లేదంటే, చిన్నపిల్లాడిలా సంతోషపడతారు. "వాసన లేదు, ఆవిరి లేదు, మంట లేదు. ఇంతకంటే సాధువైన ద్రావకం ఇంకేముంటుంది?"

రంగు లాగాక పెంకుల్నీ గాజుసామాన్నీ కడిగిన నీళ్ళు మూలన నీలం డ్రమ్ములో ఉన్నాయి. గోనె సంచుల్ని వాటిలో ముంచితే మంచి నురగ వచ్చి కంపు పోతుందని కనిపెట్టింది అమ్మడే. డ్రమ్ము నిండితే సింకులో పోసేది. సింకు గొట్టం ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు, ద్వీపంలో గొట్టాలన్నీ పోయేది ఒక్కచోటికే, సముద్రానికే.

*

మంగళవారం సాయంత్రం ఫెర్రీ దిగేసరికే ఒడ్డు మీద గొడవ వినిపించింది. జోగులు తట్టను ఇసకలో బోర్లించాడు. మండపీతలు డెక్కలు కట్టినవి కట్టినట్టే దొర్లాయి. ఒక్కటి కూడా కాలు కదపలేదు.

"పొద్దున్న తీసుకెళ్ళినాను. హోటలోడు గోని తీసి సూసినాడు. అన్నీ సచ్చిపోయినాయి. మొత్తం తట్ట. ఇంకోసారి నీ సరుకొద్దు పొమ్మన్నాడు." జోగులు ఊరంతటికీ చెబుతున్నట్టే ఉన్నాడు గాని కళ్ళు మాత్రం ఒకరి మీదే ఉన్నాయి.

ఆ ఒక్కరు ముసలమ్మ. పేరే ముసలమ్మ, ఇప్పుడు వయసూ ముసలిదే. ఒంటరి మనిషి. ఊళ్ళో ఎవరు పీతలు పట్టినా డెక్కలు కట్టడానికి ఆమె అరుగు మీదికే తెస్తారు. ఎడమ పాదం పీత వీపు మీద ఆనించి, పురికొస కొసను పళ్ళ మధ్య బిగించి, డెక్కను మడిచి ఒక చుట్టు, అడ్డంగా ఇంకో చుట్టు, వెనకాల ముడి. రెప్ప వేసి తీసేలోగా పీత బంగారు మురుగులా కుదురుగా తయారవుతుంది. కట్టు బిగిస్తే పీతకు నొప్పి, వదులైతే మనిషి వేలు పోతుంది. ఆమె కట్టిన పీతలు హోటలు దాకా కాదు, కలకత్తా దాకా బతికే వెళతాయని పేరు. ఆ పేరును ఊళ్ళో హస్తవాసి అంటారు.

"నిన్న కట్టింది నువ్వే గదా," అన్నాడు జోగులు. "నీ సేతి మీద నమ్మకంతో ఇచ్చినాను."

ఊరి పెద్ద నూకన్న ఒక పీతను తిరగేసి, కళ్ళు చూసి, మూతి దగ్గర వాసన చూశాడు. "కుళ్ళు నేదు. మందు వాసనా నేదు. తడి సూస్తే గోని నిండా ఉంది. మరేటైనట్టు?" పెద్దరికంగా గొంతు తగ్గించాడు. "ఒక్కోపాలి సెయ్యి అలిసిపోద్ది ముసలమ్మా. గంగమ్మకి మొక్కు తీర్చీదాకా నువ్వు తట్టల జోలికి రాకు. తప్పుగా అనుకోకు."

తప్పుగా అనుకోకు అన్న తర్వాత అనుకోవడానికి మిగిలేది తప్పే. ఆడవాళ్ళెవరూ ఆమె వైపు చూడలేదు. ముసలమ్మ లేచి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూ వేళ్ళ మధ్య గోకింది. మళ్ళీ గోకింది.

అమ్మడు ఆ వేళ్ళు చూసింది. వేళ్ళ సందులు ఎర్రగా కందిపోయి, చర్మం పొరలుగా లేచి ఉంది. కట్టేటప్పుడు ఒక్కో పీతను గోనె కిందనుంచి తీస్తుంది, పట్టు జారకుండా మధ్యమధ్య చేతులు ఆ గోనెకే తుడుచుకుంటుంది. అది ఆమె పద్ధతి.

అమ్మడు తన చొక్కా చెయ్యి పైకి లాక్కుంది. గ్లౌజు ఆగిపోయిన చోట, మణికట్టు పైన, అదే ఎరుపు, అవే పొరలు. రబ్బరు పడక వచ్చిందనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె చూపు తట్ట పక్కన పడి ఉన్న తడి గోనె మీదికి పోయింది.

*

బుధవారం ఆమె ఫెర్రీలో కూర్చోలేకపోయింది. బెంచీ ఖాళీగా ఉన్నా ఇంజను దగ్గరే నిలబడింది, అక్కణ్ణుంచి కడ్డీ దగ్గరికి, మళ్ళీ ఇంజను దగ్గరికి.

జీవరాజు గారు ఆమె చెప్పిందంతా విన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"పీతలు వంద కారణాలకు చస్తాయమ్మా. ఎండదెబ్బ తగలొచ్చు, జబ్బు కావచ్చు. ఒక్క తట్టతో ఏం తేలుతుంది?"

"ముసలమ్మ మామ్మ వేళ్ళు చూశాను సార్. నా చెయ్యి కూడా చూడండి. మొదట్లో మనం పొట్టి తోకది వాడేవాళ్ళం. అప్పుడిలా లేదు. ఈ పొడుగు తోకది సబ్బులా నురగొస్తుంది. పీత మొప్పల్లోకి పోతే..."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తోక పొడుగయ్యేకొద్దీ నీటి పురుగులకు మంచిది కాదని చదివాను," అన్నారు నెమ్మదిగా.

"చదివారా సార్?"

"పురుగులమ్మా. పీతలు కావు. మనం ప్రాజెక్టులో హాని లేదని రాసింది గాలికి. ఆవిరి కాదు కనుక గాలికి హాని లేదు. అది నిజం. నీళ్ళ సంగతి వాళ్ళు అడగలేదు, మనమూ చెప్పలేదు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "శుక్రవారం పోనీ. తర్వాత నిదానంగా పరీక్షలు చేద్దాం. నేను కాదనడం లేదు కదా."

కాదనడం లేదు, అవుననడమూ లేదు. అమ్మడు నీలం డ్రమ్ము దగ్గరికి వెళ్ళి నిలబడింది. మూత తీసి వాసన చూసింది. ఏమీ లేదు. ఇన్ని నెలలుగా సింకులో పోసినదంతా గుర్తొచ్చి, చేతికి అందిన గుడ్డతో సింకు తుడవడం మొదలుపెట్టింది. తుడిచి ఏం లాభమో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఒడ్డున నూకన్న పడవ అంచుకు కూర్చుని ఉంటే వెళ్ళి చెప్పింది. పక్కన జోగులు, ఇంకో నలుగురు.

"తాతా, ముసలమ్మ మామ్మ చెయ్యి కాదు. నేనుతికిన గోనె వల్లే పీతలు చచ్చిపోయాయి."

నూకన్న జాలిగా నవ్వాడు. "కిరసనాయిలు కంపు కొడతాది. ఎలకల మందు కంపు కొడతాది. కుళ్ళిన సేప కంపు కొడతాది. కంపు కొట్టకుండా సంపీది ఏటుందే లోకంలో? నీది మంచి మనసు, ముసల్దాని మీద జాలి. అంతే."

అమ్మడికి ఒక్కసారి ఒళ్ళు మండింది. లాబ్‌లో విన్నదీ ఇదే మాట, వాసన లేకపోతే హాని లేదని. అక్కడ కళ్ళజోడు పెట్టుకుని చెప్పారు, ఇక్కడ బీడీ కాలుస్తూ చెబుతున్నారు, అంతే తేడా.

ముసలమ్మ ఇంటికి వెళితే ఆమె అరుగు మీద ఉత్త చేతులతో కూర్చుని ఉంది. ఎప్పుడూ పక్కనుండే పురికొస ఉండ లేదు.

"మామ్మా, రేపు నేను పీతలు తెస్తాను. నువ్వు కట్టు. సగం ఆ గోనె కింద పెడదాం, సగం మామూలు గోనె కింద. అప్పుడందరూ చూస్తారు."

"నాను కట్టను."

"ఎందుకు?"

"రెండు తట్టలూ సచ్చిపోతేనో?" ముసలమ్మ తన అరచేతులు ముందుకు చాచి, ఎవరివో అన్నట్టు చూసుకుంది. "ఊరోళ్ళు ఏటన్నా పర్నేదు, పడతాను. ఇప్పుడు నాకే అనుమానంగా ఉందమ్మా. ఇంక మళ్ళీ సూసుకోనేను. బస్, పో."

అమ్మడికి అక్కడే ఏడుపొచ్చింది. పని పోయినందుకు కాదు, తన చేతిని తనే నమ్మని స్థితికి ఆమెను తెచ్చినందుకు. తెచ్చింది తానే.

*

గురువారం లాబ్‌లో సరుకు నీళ్ళలా తెల్లగా వచ్చింది. సీసాలో నింపి, మూత బిగించి, కమిటీ కోసం బల్ల మధ్యలో పెట్టింది. ఏ ఆనందమూ కలగలేదు. మధ్యాహ్నమే సెలవడిగి ఇంటికొచ్చేసింది.

జోగులును పీతలడిగితే ఇవ్వనన్నాడు. కాళమ్మ వంటింట్లోంచే అంది, "ఈ కత రేపు మీ సారుకి తెలిస్తే ఉద్యోగం ఉంటాదేటి? ఎవుల్దో సెయ్యి బాగునేదంటే నీకేటి? ఊరుకో."

"ఆ చెయ్యి బాగానే ఉందమ్మా. చెడగొట్టింది నేను."

కాళమ్మ గిన్నెలు సర్దింది. గట్టిగా సర్దింది, ఊరంతా వినబడేలా. తర్వాత మోకాళ్ళ పైకి చీర దోపుకుని, కొక్కెం కర్ర తీసుకుని మడలోకి వెళ్ళిపోయింది. పొద్దు వాలే వేళకు బురద కాళ్ళతో తిరిగొచ్చి, తట్టెడు పీతల్ని కూతురి ముందు దింపింది.

"అన్నీ ఒక్క చోటి బొరియల్లోయే. ఇయ్యాల్టియే. తర్వాత ఏ సాకూ సెప్పడానికుండదు," అంది.

అమ్మడు కబురంపితే నూకన్న వచ్చాడు. జోగులు వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఇంకా పనిలేనివాళ్ళంతా వచ్చారు. అందరి ముందూ అమ్మడు పీట వేసుకుని కూర్చుని, పురికొస పళ్ళ మధ్య పెట్టుకుంది. పీతలు కట్టడం నేర్చుకోకూడదని చిన్నప్పుడే పంతం పట్టిన పిల్ల. మొదటి పీతే బొటనవేలు పట్టుకుంది. రక్తం చూసి ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వేలికి గుడ్డ పేలిక చుట్టుకుని, పాదం గట్టిగా ఆనించి, డెక్క మడిచి, చుట్టి, మళ్ళీ చుట్టి, ముడి మీద ముడి వేసింది. ఒక్కో పీతకు చాంతాడంత పురికొస పట్టింది. అవి కట్టిన పీతల్లా లేవు, పార్సెళ్ళలా ఉన్నాయి.

"ఇయేటి కట్లే," అన్నాడు జోగులు ఉండబట్టలేక.

"నా కట్లు మావా. అన్నీ నా చేత్తోనే. ముసలమ్మ మామ్మ ముట్టుకోలేదు, అందరూ చూస్తున్నారు కదా."

కట్టడం అయ్యాక పీతల్ని రెండు తట్టల్లోకి సగం సగం సర్దింది. రెండు తట్టలూ ఒకే మూల, ఒకే చూరు కింద. ఒకదాని మీద జోగులు తెచ్చి పడేసిన ఆరని గోనె. రెండోదాని మీద ఇంట్లో ఉన్న మామూలు గోనె. కాళమ్మ బకెట్టు పక్కన పెట్టుకుని రెండోదాని మీద సముద్రపు నీళ్ళు చల్లింది. "సెయ్యి ఒకటే, పీతలొకటే, తాడొకటే," అన్నాడు నూకన్న గొణిగినట్టు. "గోనొకటే వేరు." ఆ మాట ఆయన నోటివెంట వచ్చాక అమ్మడు మొదటిసారి నిబ్బరంగా ఊపిరి తీసుకుంది.

తెల్లవారి అందరూ వచ్చేదాకా ఎవరూ గోనెలు తీయలేదు. నూకన్నే తీశాడు. మామూలు గోనె కింద పీతలు కళ్ళు నిక్కించి, కట్లలోనే కాళ్ళు కొట్టుకుంటూ బుడగలు ఊదాయి. గోనె మాత్రం అంచుల దగ్గర ఆరుతోంది. తర్వాత ఆరని గోనె తీశాడు. అది మంచులో తడిసినట్టు నిగనిగలాడుతూనే ఉంది. కింద పీతలు కదల్లేదు. నూకన్న ఒకదాని కన్నును పుల్లతో తాకాడు. ఇంకోదాన్ని తాకాడు. పుల్ల పారేసి, చెయ్యి లుంగీకి తుడుచుకోబోయి, ఆగి, సముద్రం దాకా వెళ్ళి కడుక్కొచ్చాడు.

"సెయ్యి కాదు," అన్నాడు వచ్చి.

జోగులు మేనకోడలి వైపు తిరిగాడు. "అయితే నా పీతల్ని సంపింది నువ్వన్నమాట."

"అవును మావా. తెలీక చేశాను. అయినా చేసింది నేనే."

ఏమంటాడోనని కాళమ్మ అడ్డం వచ్చింది. కానీ జోగులు తల తిప్పుకుని ముసలమ్మ ఇంటి వైపు చూశాడు. ఒడ్డు మీద ఎవరి వైపు చూసి తాను ఏమన్నాడో అతనికీ గుర్తొచ్చినట్టుంది.

*

గోనెను ఏం చెయ్యాలో తెలియలేదు. కడిగితే నీళ్ళలోకి పోతుంది, ఆ నీళ్ళు ఇక్కడికే వస్తాయి. పాతితే వానకు కారుతుంది. ఆరదు కాబట్టి కాలదు. చివరికి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి, చచ్చిన పీతల తట్టతో పాటు ఫెర్రీ ఎక్కింది. మధ్యదారిలో పీతలు కంపు మొదలుపెట్టాయి. తాడు విసిరే కుర్రాడు వచ్చి ఇంజను వైపు చూపించాడు. అమ్మడు వెళ్ళి నిలబడింది. ఆ కంపులో అబద్ధం లేదు, అది ఒక్కటే ఆ పూట ఆమెకు ఊరట.

లాబ్‌లో తెల్లగుడ్డ పరిచిన బల్ల, మధ్యలో సీసా, పక్కన పూలగుత్తి. జీవరాజు గారు కొత్త కోటు వేసుకున్నారు. అమ్మడు తట్ట బల్ల పక్కన నేల మీద పెట్టి జరిగింది చెప్పింది. ఒకే చెయ్యి, ఒకే రోజు పట్టిన పీతలు, ఒక్క గోనె తేడా.

ఆయన చాలాసేపు వంగి చూశారు. వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది.

"ఇవాళ కాదమ్మాయ్," అన్నారు. గొంతు బతిమాలుతున్నట్టుంది. "వెనక తలుపు గుండా తీసుకెళ్ళిపో. ఇవాళ నువ్వు ఎదురుగా ఉండొద్దు. అడిగితే నువ్వు ఊరుకోవు."

"ఊరుకోను సార్."

ఆమె డబ్బాను నీలం డ్రమ్ము పక్కన పెట్టి, రెండిటి మీదా మార్కరుతో 'పోయరాదు' అని పెద్దగా రాసింది. గ్లౌజులు తీసి కొక్కేనికి తగిలించింది. తట్ట ఎత్తుకుంటుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒకటి ఉంచి వెళ్ళు."

గాజు పళ్ళెంలో ఒక పీతను ఆయనే తీసి పెట్టుకుని, ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలోకి తోశారు. అమ్మడు వెనక తలుపు దాటుతూ తిరిగి చూసింది. కమిటీవాళ్ళు లోపలికి వస్తున్నారు. జీవరాజు గారు అలవాటుగా సీసా మూత మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే నిలబడిపోయారు. ఆ తర్వాత ఏమయిందో ఆమె చూడలేదు. ఉద్యోగం ఉందో లేదో సోమవారం వెళితే గాని తెలియదు. ఆ సంగతి ఫెర్రీలో ఒకసారి గుర్తొచ్చింది, అయినా వెనక్కి వెళ్ళాలనిపించలేదు.

హోప్ టౌన్‌లో దిగి మలుపు తిరిగేసరికి ముసలమ్మ అరుగు ముందు జోగులు నిలబడి ఉన్నాడు. బతికిన పీతల తట్ట అరుగు మీద పెట్టి ఉంది, మీద మామూలు గోనె. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి నడుం మీద, ఒకసారి వెనక్కి పెట్టుకుంటున్నాడు. క్షమించమని అడగడం అతనికి రాదు. వాళ్ళ వంశంలోనే ఎవరికీ రాదు.

ముసలమ్మ తట్ట వైపు చూడకుండా వీధి వైపు చూస్తూ కూర్చుంది. వేళ్ళకు కొబ్బరి నూనె రాసుకుని ఉంది. అమ్మడు వచ్చి పక్కన కూర్చుంది. గోనె కింద ఓ పీత వదులైన కట్టు ఊడదీసుకుని, అంచు మీదుగా పైకి పాకింది. డెక్క ఒకటి బయటికొచ్చి గాలిలో ఆడింది.

ముసలమ్మ ఓరగా చూసింది. చూడకూడదనుకుని మళ్ళీ చూసింది. పీత అరుగు అంచుకు వచ్చేసరికి ఎడమ కాలు దానంతటదే లేచి దాని వీపు మీద పడింది.

"ఎవుల్దే ఈ కట్టు?" అంది.

"నాదే మామ్మా."

"సిగ్గు నేదూ." పురికొసంతా విప్పి పోగేసి, అందులోంచి మూరెడు తెంపుకుంది. కొస పళ్ళ మధ్యకు పోయింది. డెక్క మడిచింది, ఒక చుట్టు, అడ్డంగా ఇంకో చుట్టు, వెనకాల ముడి. తట్టలో పెట్టి గోనె కింద చెయ్యి దూర్చి, ఇంకోదాన్ని తీసింది. దాన్నీ విప్పి కట్టింది. మూడోదానికి చెయ్యి పెట్టబోతూ ఆగి, వేళ్ళతో గోనెను నలిపి చూసింది.

"ఇది ఆరిపోతంది," అంది జోగులు వైపు తలెత్తి. "సూస్తూ నిలబడ్డావేటి? పీతలు ఎండిపోవా?"

జోగులు చూరు కింద ఉన్న బకెట్టు తీసుకుని సముద్రం వైపు నడిచాడు.